టెక్సాస్‌లో మన గుడికి, చర్చికి సాయుధ వాలంటీర్ టీమ్: చట్టం దాటకుండా పెట్టుకునే పద్ధతి

ఎక్కడైనా ప్రార్థనా స్థలంలో కాల్పులు జరిగాయంటే చాలు, మర్నాడు డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల గుడి గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మనవాళ్లలో గన్ ఎవరెవరికి ఉంది?" పదిమంది చేతులెత్తుతారు. వారం తిరిగేసరికి అంతా చల్లారిపోతుంది. అసలు ఆ ప్రశ్నతో మొదలుపెట్టడమే తప్పు. గన్ ఎవరికి ఉందన్నది చివర్లో చూడాల్సిన సంగతి. సెక్యూరిటీ లైసెన్స్ నుంచి చట్టం ఇచ్చిన మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుంది, ఎవరు తుపాకీ ముట్టుకోకూడదు, బాధ్యత ఎవరిది అన్నవి ముందు తేలాలి.

నేను లాయర్‌ని కాను. మూడేళ్లుగా ఒక గుడిలో భద్రత టీమ్ రోస్టర్ చూస్తున్న వాలంటీర్‌ని. ఇక్కడ రాసిందంతా టెక్సాస్‌కే. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు వాడొద్దు. న్యూయార్క్‌నే చూడండి: 2022లో వచ్చిన చట్టం ప్రార్థనా స్థలాల్లోకి తుపాకులే వద్దంది, మరుసటి ఏడు అక్కడి భద్రత చూసుకునేవాళ్లకు మాత్రం సడలింపు ఇచ్చింది.

## 1. మినహాయింపు ఎంత, హద్దు ఎక్కడ

టెక్సాస్‌లో సెక్యూరిటీ పని చేయాలంటే మామూలుగా ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం కింద డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రత శాఖ) లైసెన్స్ కావాలి. 2017లో సెనేట్ బిల్లు 2065 ప్రార్థనా స్థలాల్లో పనిచేసే వాలంటీర్లకు ఆ లైసెన్స్ అక్కర్లేదంది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ఆక్యుపేషన్స్ కోడ్‌లో సెక్షన్ 1702.333. మొత్తం అరపేజీ ఉండదు. ప్రింట్ తీసి కమిటీలో అందరి చేతా చదివించండి. అందులో మూడు షరతులు కనిపిస్తాయి.

ప్రతిఫలం ఉండకూడదు. జీతమే కాదు, డబ్బు విలువున్న ఏదీ వద్దు. పెట్రోల్ కార్డు, కళ్యాణం టికెట్‌లో తగ్గింపు, అభిషేకం ఉచితం లాంటివి "గౌరవంగా ఇచ్చాం" అనుకుంటారు. కేసు నడిచేటప్పుడు అవతలి లాయర్ అలా అనుకోడు. అందరితో పాటు పులిహోర తింటే ఎవరూ తప్పు పట్టరు, అంతవరకు చాలు. గుడి జీతం తీసుకునే మేనేజర్‌కి ఈ డ్యూటీ అంటగట్టకండి, ఆయన వాలంటీర్ కాడు.

ఆవరణలోనే. చట్టంలోని మాట చర్చి, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), లేదా స్థిరపడిన ఇతర ప్రార్థనా స్థలం ఆవరణ. మన పండుగల్లో సగం బయటే జరుగుతాయి కాబట్టి చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఉగాదికి హైస్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుంటాం. అది ప్రార్థనా స్థలం కాదు, పైగా స్కూలు. అక్కడ అనుమతి లేకుండా తుపాకీ పట్టుకెళ్తే పీనల్ కోడ్ 46.03 కింద ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. రథోత్సవం, గణేశ్ నిమజ్జనం ఊరేగింపు రోడ్డు మీదికి వచ్చాక మినహాయింపు మనతో పాటు నడిచి రాదు. అలాంటి రోజుల్లో ఆఫ్-డ్యూటీ పోలీసులను పెట్టుకోండి.

యూనిఫాం, బ్యాడ్జి. "సెక్యూరిటీ" అన్న మాట ఉన్న యూనిఫాం గానీ బ్యాడ్జి గానీ వేసుకోకూడదు. ఆ మాట లేకపోయినా, చూడటానికి పోలీసులాగానో సెక్యూరిటీ ఆఫీసర్‌లాగానో కనబడితే కూడా తప్పే. మేం సరిగ్గా ఇక్కడే బోర్లా పడ్డాం. ఉత్సాహవంతుడైన ఒక తమ్ముడు నల్ల టీషర్టులు ఇరవైనాలుగు చేయించాడు. వీపు మీద జానెడు అక్షరాలతో పసుపు రంగులో "సెక్యూరిటీ". ఒక్క ఆదివారం కూడా వేసుకోలేదు, అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇప్పుడు మావాళ్లు మామూలు కుర్తా మీద అందరు సేవకుల్లాగే "వాలంటీర్" ట్యాగ్ వేసుకుంటారు.

ఇంకో సంగతి. ఈ మినహాయింపు సెక్యూరిటీ లైసెన్స్ నుంచే. తుపాకీ చట్టాల నుంచి కాదు, కాల్చాక వచ్చే బాధ్యత నుంచి అసలే కాదు.

## 2. అన్నిటికంటే ముందు: ఎవరి స్టేటస్ ఏమిటి

అమెరికన్ చర్చిల కోసం రాసిన గైడ్లలో ఈ విషయం దాదాపు కనబడదు. మనకు మాత్రం ఇదే మొదటి మెట్టు.

ఫెడరల్ చట్టం, 18 యూఎస్ కోడ్ 922(జి)(5), ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. అంటే హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, ఆర్-1 (మత సేవకుల వీసా) మీద వచ్చిన మన అర్చకులు, పాస్టర్లు అందరూ. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, ఆ పైన డిపోర్టేషన్. టెక్సాస్‌లో పర్మిట్ లేకుండా గన్ పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, అది రాష్ట్ర చట్టం. ఫెడరల్ నిషేధం అలాగే ఉంటుంది.

వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందన్న మాట మీరూ వినే ఉంటారు. ఉంది. దాన్ని పట్టుకుని గుడి డ్యూటీకి ఎవరినీ పెట్టకండి. మీ లాయర్ కూడా అదే చెబుతాడు.

మా మొదటి మీటింగులో ఒక పెద్దాయన తన పిస్టల్ ఖాళీ చేసి పక్కనున్న కుర్రాడికి అందించబోయాడు. "పట్టుకుని చూడు బాబూ, ఏం కాదు." ఆ కుర్రాడు హెచ్-1బి. చేతిలోకి తీసుకుంటే అది కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే రావచ్చు. ఆ రోజు నుంచి మా మీటింగుల్లో తుపాకీ బయటికి తీయడమే లేదు.

చేయాల్సినవి:

- సాయుధ డ్యూటీకి సిటిజన్లు, గ్రీన్ కార్డు చేతికొచ్చినవాళ్లు మాత్రమే. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్, ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉంది అంటే కార్డు వచ్చేదాకా ఆగాలి.
- ఎవరి పాస్‌పోర్టు కాపీలూ కమిటీ దాచుకోవద్దు. "నాకు ఫెడరల్, రాష్ట్ర నిషేధాలేవీ లేవు" అని రాసి సంతకం చేసిన కాగితం ఏటా తీసుకోండి.
- గృహహింస కేసులో మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కింద శిక్ష పడినా ఫెడరల్ నిషేధం ఉంది. ఈ మాట అందరి ముందు అడగకండి, కాగితంలో ఒక లైనుగా పెట్టండి.
- భర్త గ్రీన్ కార్డు, భార్య ఇంకా హెచ్-4 అయితే ఇంట్లో తుపాకీ తాళం వేసిన సేఫ్‌లో ఉండాలి. సేఫ్ కోడ్ ఆమెకు తెలియకూడదు. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది, కానీ అదే ఆమెకు రక్షణ.

వీసా మీద ఉన్నవాళ్లకు పని లేదని కాదు. గేటు, కెమెరాలు, పార్కింగ్, ఫస్ట్ ఎయిడ్, రేడియో, అంటే టీమ్‌లో ముప్పాతిక పని వాళ్లే చేయొచ్చు. మా టీమ్‌లో అందరికంటే చురుకైన కళ్లు ఒక హెచ్-4 అక్కవి. ఏ కారు ఎప్పుడొచ్చిందో నోటికి చెప్తుంది.

## 3. కమిటీ తీర్మానం, ఇన్సూరెన్స్

వాట్సాప్‌లో బొటనవేలు ఎమోజీ అనుమతి కిందికి రాదు. ట్రస్టీ బోర్డు మినిట్స్‌లో తీర్మానం ఉండాలి. అందులో:

- టీమ్ ఎవరి కింద పనిచేస్తుంది, ఎవరిని చేర్చుకుంటారు, ఎవరు తీసేస్తారు
- సాయుధ సభ్యుల పేర్లు, పేరుపేరునా రాతపూర్వక అనుమతి
- బలప్రయోగం మీద రెండు పేజీల విధానం, లాయర్ చూసి ఇచ్చింది
- జీతం, ప్రతిఫలం ఏదీ లేదన్న వాక్యం

తర్వాత ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ కాదు, ఈమెయిల్. "మా సాయుధ వాలంటీర్ చర్య వల్ల ఎవరికైనా గాయమైతే ఈ పాలసీ కవర్ చేస్తుందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. చాలా పాలసీల్లో తుపాకీల మీదో, కొట్లాట మీదో మినహాయింపు ఒకటి సన్న అక్షరాల్లో ఉంటుంది. జవాబు రాతలో వచ్చేదాకా మొదటి డ్యూటీ వేయకండి. మాకు ఆ జవాబుకే ఐదు వారాలు పట్టింది.

టెక్సాస్‌లో 1987 నాటి ధార్మిక సంస్థల బాధ్యత చట్టం వాలంటీర్లకు కొంత రక్షణ ఇస్తుంది. చట్టం చెప్పినంత ఇన్సూరెన్స్ ఉన్న సంస్థకు పరిహారం మీద పరిమితి కూడా ఉంది: ఒక వ్యక్తికి 5 లక్షల డాలర్లు, ఒక ఘటనకు 10 లక్షలు. కావాలని చేసిన పనికీ, ఎవరేమైతే నాకేం అన్నట్టు చేసిన పనికీ ఆ రక్షణ వర్తించదు. ట్రిగ్గర్ నొక్కడం కావాలని చేసే పనే కదా. అందుకే దీన్ని చూసి ధీమా పడొద్దు.

తెలుగు చర్చిలవారికి ఒక మాట. ఆదివారం మధ్యాహ్నం వేరే చర్చి భవనం అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లు చాలామంది. భవనం వాళ్లది కాబట్టి అనుమతి వాళ్లదే. వాళ్ల పాస్టర్ నోటిమాట సరిపోదు, అద్దె ఒప్పందంలో ఒక పేరా చేర్పించండి.

## 4. గేటు దగ్గర బోర్డులు

2019లో సెనేట్ బిల్లు 535 వచ్చాక, వద్దని నోటీసు ఇవ్వకపోతే తుపాకీ లైసెన్స్ ఉన్నవాళ్లు ప్రార్థనా స్థలంలోకి తుపాకీతో రావచ్చన్నది స్పష్టమైంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, నిషేధాలేవీ లేనివాళ్లకు లైసెన్స్ కూడా అక్కర్లేదు. అంటే బోర్డు పెట్టని గుడికి ఎవరు ఏం పెట్టుకుని వస్తున్నారో మీకు తెలియదు. ఏదైనా జరిగినప్పుడు మీ టీమ్ ఎవరు, భక్తుడెవరు అన్నది పోలీసులకూ తెలియదు.

నా సలహా, టీమ్ పెట్టుకున్న గుడి బోర్డులూ పెట్టాలి. వీటిని పీనల్ కోడ్ సెక్షన్ నంబర్లతో పిలుస్తారు: 30.06 దాచుకుని తెచ్చే లైసెన్స్‌దారులకు, 30.07 కనబడేలా తెచ్చే లైసెన్స్‌దారులకు, 30.05 లైసెన్స్ లేనివాళ్లకు. చట్టంలో ఇచ్చిన వాక్యమే, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, రంగు కొట్టొచ్చినట్టు, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తున, ప్రతి ప్రవేశం దగ్గరా ఉండాలి. తుపాకీ బొమ్మ మీద ఎర్ర గీత గీసిన స్టిక్కర్ 30.06కి పనికిరాదు. చెప్పులు విడిచే పక్క తలుపు, వంటశాల తలుపు మర్చిపోకండి.

బోర్డులున్నా మీరు పేరుతో రాతపూర్వకంగా అనుమతించినవాళ్లు రావచ్చు, ఎందుకంటే వాళ్లకు యజమాని సమ్మతి ఉంది. తీర్మానంలో పేర్లు రాయమన్నది ఇందుకే.

గుడిలోనే డేకేర్, ప్రీస్కూల్ నడుస్తుంటే ఇక్కడే ఆగి లాయర్‌ని అడగండి. స్కూలు నిబంధనలు వేరు.

## 5. ఎవరిని తీసుకోవాలి

2019 డిసెంబర్ 29న ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్‌లోని చర్చిలో దుండగుడు ఇద్దరిని చంపాడు. సుమారు ఆరు సెకన్లలో టీమ్ పెద్ద ఒక్క తూటాతో వాడిని పడేశాడు. అందరూ ఆ తూటా గురించే మాట్లాడతారు. ఆయన ఒకప్పుడు రిజర్వ్ డిప్యూటీ, షూటింగ్ నేర్పే మనిషి. చనిపోయిన ఇద్దరిలో ఒకరు టీమ్ సభ్యుడే, తన తుపాకీ తీస్తుండగానే ప్రాణం పోయింది. ఇంకో సంగతి తక్కువమంది చెబుతారు: విగ్గు, పెట్టుడు గడ్డంతో వచ్చిన ఆ మనిషిని టీమ్ లోపలికి వస్తున్నప్పుడే గమనించి ఒక కన్నేసి ఉంచింది.

కాబట్టి గన్ ఉన్నవాణ్ని కాదు, నిదానస్థుణ్ని వెతకండి. పార్కింగ్ దగ్గర గొడవపడేవాడు, ఫేస్‌బుక్‌లో తుపాకీతో ఫోటోలు పెట్టేవాడు, "రానీ, చూసుకుందాం" అనేవాడు వద్దు. బంధువైనా, పెద్ద దాతైనా వద్దు.

చట్టం అడగకపోయినా డీపీఎస్ ఇచ్చే లైసెన్స్ టు క్యారీ (తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్స్) తప్పనిసరి చేయండి. ఫీజు 40 డాలర్లు. 50 రౌండ్లు కాల్చి 250కి 175 తెచ్చుకోవాలి. నేపథ్య పరిశీలన దానితోనే అయిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది: స్కూలుకు వెయ్యి అడుగుల లోపు రోడ్ల మీద తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ నియమం నుంచి ఈ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు. మన ఊళ్లలో స్కూలు పక్కగా పోకుండా గుడికి వచ్చే దారే లేదు.

## 6. ట్రైనింగ్ వరుస

లైసెన్స్ పరీక్షలో టార్గెట్ నిలబడి ఉంటుంది. మన మండపంలో పిల్లలు పరిగెడుతుంటారు. మేం అనుసరించే వరుస ఇది:

1. లోకల్ పోలీసులతో మీటింగ్. గుడి ప్లాన్, తలుపులు, తాళాలు చూపించండి. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలోని అలర్ట్ కేంద్రం తయారుచేసిన పౌరుల శిక్షణ క్లాసు చాలాచోట్ల పోలీసులే వచ్చి చెబుతారు.
2. సిసా ఉచిత పరిశీలన. ఈ ఫెడరల్ సంస్థ సలహాదారు వచ్చి గుడంతా తిరిగి చూసి లోపాలు చెబుతాడు. మాకు చెప్పిన మొదటిది: వెనక తలుపుకు రాయి అడ్డుపెట్టి తెరిచి ఉంచడం. వంటవాళ్లకు గాలి కోసమట.
3. రక్తం ఆపడం, సీపీఆర్. స్టాప్ ద బ్లీడ్ క్లాసు కొద్ది గంటల్లో అయిపోతుంది. మూడేళ్లలో మా టీమ్ తుపాకీ తీసిన సందర్భం ఒక్కటీ లేదు. ఏకాదశి ఉపవాసంతో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను మాత్రం లెక్కపెట్టలేదు.
4. మాటతో చల్లబరచడం. తాగొచ్చినవాడు, విడాకుల గొడవ గుడిదాకా తెచ్చినవాడు మీకు ఎక్కువగా ఎదురయ్యేవాళ్లు.
5. షూటింగ్ ప్రాక్టీసు, మూడు నెలలకోసారి. టార్గెట్ వెనకాల ఎవరున్నారో చూసి, కాల్చకుండా ఆగడం కూడా నేర్పే శిక్షకుణ్ని వెతకండి.

## 7. డ్యూటీ రోజు

డ్రెస్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది ఏ గైడ్‌లోనూ లేదు. పంచె మీద హోల్‌స్టర్ నిలవదు. గట్టి బెల్టు ఉన్న ప్యాంటు, మీద పొడుగు కుర్తా. తోలు హోల్‌స్టర్ గర్భాలయం దగ్గరకు వద్దని మా అర్చకులు అన్నారు, నిజమే కదా. గట్టి ప్లాస్టిక్ రకం కొన్నాం, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునేది.

డ్యూటీలో ఉన్నవాడు సాష్టాంగం చేయడు, కింద కూర్చోడు, పిల్లల్ని ఎత్తుకోడు. దర్శనం డ్యూటీకి ముందో తర్వాతో. దీపారాధనప్పుడు అందరూ కళ్లు మూసుకుంటారు, ఆ నిమిషం మీరు తలుపు వైపు చూస్తూ నిలబడాలి.

- గేటు దగ్గర ఇద్దరు, తుపాకీ లేనివాళ్లు, నవ్వుతూ పలకరించేవాళ్లు
- లోపల ఇద్దరు సాయుధులు, ఒకే గోడ వైపు కాదు, ఎదురెదురుగా కూడా కాదు
- ఒకరు కెమెరా స్క్రీన్ దగ్గర
- చెవిలో ఇయర్‌పీస్. భజన, నాదస్వరం మధ్య రేడియో వినబడదు.
- టోర్నికెట్లు (రక్తం ఆపే పట్టీలు), ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఎక్కడున్నాయో అందరికీ తెలిసి ఉండాలి

కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, బెలూన్ పేలడం, దీపావళి టపాసులు వంటివాటికి ఉలిక్కిపడి చెయ్యి నడుము మీదికి పోతే ఆ మనిషికి ఇంకా ప్రాక్టీసు కావాలి.

అనుమానం వచ్చిన మనిషిని చుట్టుముట్టకండి. "నమస్కారం, మొదటిసారి వస్తున్నారా?" అని ఇంగ్లీషులోనో తెలుగులోనో అడిగి జవాబు వినండి. జేబులు తడమడం, కార్డు చూపించమనడం, పట్టుకుని కూర్చోబెట్టడం మన పని కాదు. వెళ్లమనండి, వెళ్లకపోతే 911. రంగు చూసో, గడ్డం చూసో, ముసుగు చూసో ఎవరినీ ఆపొద్దు. అసలు చూడాల్సింది ప్రవర్తన.

## 8. ఏదైనా జరిగితే

ప్రాణాలు తీసే బలం ఎప్పుడు వాడొచ్చన్నది పీనల్ కోడ్ 9వ అధ్యాయంలో ఉంది. 9.32 తన ప్రాణం కోసం, 9.33 ఇతరుల ప్రాణం కోసం. ఆస్తి కాపాడటానికి కూడా కొన్ని పరిస్థితుల్లో టెక్సాస్ అనుమతిస్తుంది. ఆ సెక్షన్ ఉందని మర్చిపోండి. మన గుళ్లకు ఎక్కువగా వచ్చేది దొంగలే. 2023 జనవరిలో బ్రజోస్ వ్యాలీలోని శ్రీ ఓంకారనాథ్ ఆలయంలో కిటికీ పగలగొట్టి హుండీ ఎత్తుకెళ్లారు. హుండీకి ఇన్సూరెన్స్ ఉంటుంది. మా విధానంలో ఒక్క లైను: పారిపోయేవాడి మీద, వస్తువు కోసం, తుపాకీ తీయం.

కాల్పులు జరిగితే పోలీసులు లోపలికి వచ్చేసరికి వాళ్లకు కనబడేది తుపాకీ పట్టుకున్న ఒక మనిషి. అది మీరే కావచ్చు. ప్రమాదం తప్పగానే తుపాకీ హోల్‌స్టర్‌లో పెట్టి, చేతులు ఖాళీగా చూపిస్తూ, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయండి. 911 చేసే మనిషి మీ డ్రెస్ రంగు చెప్పాలి: "మా వాలంటీర్ ఒకాయన పసుపు కుర్తాలో ఉన్నాడు, ఆయన దగ్గర కూడా తుపాకీ ఉంది." ఈ వాక్యాన్ని మేం ఇంగ్లీషులో రాసి ఆఫీసు ఫోన్ పక్కన అంటించాం. తర్వాత లాయర్ వచ్చేదాకా ఎవరికీ కథ చెప్పొద్దు, గ్రూపులో అసలే వద్దు.

## 9. తరచూ కనబడే తప్పులు, సర్దుబాట్లు

అర్చకుడికో పాస్టర్‌కో "ఆత్మరక్షణకు" తుపాకీ కొనివ్వడం. ఆర్-1 మీద ఉంటే నేరుగా ఫెడరల్ నేరం. ఆయనకు పానిక్ బటన్ పెట్టించండి.

రోస్టర్ బయటపెట్టడం. సాయుధుల పేర్లు న్యూస్‌లెటర్‌లోకి, పెద్ద గ్రూపులోకి వెళ్లకూడదు. మినిట్స్‌లో అనుబంధంగా విడిగా దాచండి.

డబ్బంతా తుపాకీ వైపు పోవడం. ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) ఇచ్చే నాన్-ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంటుతో కెమెరాలు, కంచె, తలుపులు, ట్రైనింగ్ చేయించుకోవచ్చు. ఆయుధాలకు అది పనికిరాదు. 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలకే ఇస్తారు, టెక్సాస్‌లో దరఖాస్తు గవర్నర్ కార్యాలయం ద్వారా వెళ్తుంది. ప్రకటన వచ్చాక గడువు తక్కువ ఉంటుంది కాబట్టి సిసా రిపోర్టు ముందే చేతిలో ఉంచుకోండి.

ప్లాన్ అంతా తుపాకీ మీదే ఆధారపడటం. 2022 జనవరి 15న కాలీవిల్‌లో, డాలస్-ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే, సినగాగ్‌లో దాదాపు 11 గంటలు బందీలుగా ఉన్నవాళ్లు చివరికి తప్పించుకున్నది రబ్బీ (అక్కడి మతగురువు) విసిరిన కుర్చీ వల్ల. భద్రత క్లాసుల్లో నేర్చుకున్నదే తమను కాపాడిందని ఆయనే చెప్పారు. మీ టీమ్‌లో తుపాకీ లేనివాళ్లతో కూడా తలుపుల దాకా పరుగు ప్రాక్టీసు చేయించండి. మొదటిసారి మా వంటశాలలోంచి బయటపడటానికి నాలుగు నిమిషాలు పట్టింది. బియ్యం బస్తాలు తలుపుకు అడ్డం ఉన్నాయి.

బాత్రూంలో తుపాకీ మర్చిపోవడం. నవ్వొస్తుంది గానీ అమెరికాలో పోలీసులు కూడా చేసే తప్పు. హోల్‌స్టర్ బెల్టు నుంచి ఊడదీయకూడదు, కొక్కేనికి తగిలించకూడదు, టాయిలెట్ ట్యాంకు మీద పెట్టకూడదు. వీలైతే డ్యూటీకి ముందే వెళ్లి రండి. డ్యూటీ మధ్యలో తప్పకపోతే ఇంకో సాయుధుడికి రేడియోలో చెప్పి వెళ్లండి, తిరిగొచ్చాక నడుము తడిమి చూసుకుని "వచ్చాను, ఉంది" అని మళ్లీ చెప్పండి.